కారులో కొత్త పాటలు, మా ఇంటి తీర్పులు

కారులో పాట పెట్టే హక్కు మా అబ్బాయిది, దాని మీద వ్యాఖ్యానించే హక్కు నాది. అమెరికాలో మా ఊరు హ్యూస్టన్ దూరాలకు ఒక ఆల్బమ్ సులువుగా పూర్తవుతుంది.

అమెరికన్ ర్యాప్ గాయకుడు కెండ్రిక్ లమార్ 2024 నవంబరులో ముందస్తు ప్రకటన లేకుండా విడుదల చేసిన ఆల్బమ్ 'జీఎన్ఎక్స్' నాకు నచ్చింది. మొదలవడమే మరియాచీ అనే మెక్సికో జానపద సంగీతం పాడే గాయని డెయ్‌రా బరేరా స్పానిష్ గొంతుతో. వెంటనే లాస్ ఏంజెలస్ వీధి యాస. ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లీషు, మైదానంలో స్పానిష్ వినే మావాడికి అందులో వింతేమీ కనిపించలేదు.

ర్యాప్‌తో మాకున్న అసలు పేచీ వేరు. నల్లజాతివారిని అవమానించడానికి తరతరాలుగా వాడిన, 'ఎన్' అక్షరంతో మొదలయ్యే ఆ ఒక్క మాటను వాళ్లు తమ పాటల్లో తమదిగా చేసుకున్నారు. 'నేనూ తెల్లవాణ్ణి కాదు కదా, పాటతోపాటు ఆ మాట పాడితే ఏం?' అని మావాడి వాదన. కాకపోతే మాత్రం? పెళ్లి సంబంధాల దగ్గర అమ్మాయి రంగు తక్కువని నిట్టూర్చే ఇళ్ల నుంచి వచ్చినవాళ్లం, ఆ మాట మీద మనకు హక్కెక్కడిది? 2018లో అలబామాలో ఒక సంగీతోత్సవంలో వేదికెక్కిన తెల్ల అభిమాని ఆ మాటతో సహా పాడేసరికి కెండ్రిక్ పాట ఆపించాడు. నా ఉపన్యాసాలకంటే ఆ సంగతే వాడికి బాగా ఎక్కింది. ఇప్పుడు ఆ చోటు రాగానే మావాడు ఆ మాట వదిలేసి ఊపిరి పీల్చుకుంటాడు. తాళం మాత్రం తప్పడు.

మరో ర్యాపర్ టైలర్ ది క్రియేటర్ ఆల్బమ్ 'క్రోమకోపియా'లో వాళ్లమ్మ బొనీటా స్మిత్ గొంతు హితవు చెబుతూ వినిపిస్తుంది. అమ్మకు ఇంత చోటిచ్చిన ఆల్బమ్‌ను తిట్టడం కష్టమే అయినా, రెండో సగంలో బిగువు సడలింది. 'ఆవిడ మాట్లాడినంతసేపే నీకు నచ్చింది' అన్నాడు మావాడు. కావచ్చు.

బ్రిటిష్ సంగీతకారుడు జేమీ ఎక్స్ఎక్స్ తొమ్మిదేళ్ల విరామం తరువాత తెచ్చిన ఎలక్ట్రానిక్ ఆల్బమ్ 'ఇన్ వేవ్స్'లో మాటలు తక్కువ, కనుక తగవులూ లేవు. వింటున్నప్పుడు హుషారుగా ఉంటుంది, దిగాక ఒక్కటీ గుర్తుండదు. మా అమ్మాయి దీన్ని పెట్టుకుని లెక్కలు చేసుకుంటుంది.

ఇక 'బిగ్ డాగ్స్' అనే ర్యాప్ పాట. కేరళలో పుట్టి మా హ్యూస్టన్‌లో పెరిగిన హనుమాన్‌కైండ్ పాడగా, హైదరాబాదు వాడైన కల్మి సంగీతం కట్టాడు. మావాడి లెక్కలో అది హ్యూస్టన్ పాట, నా లెక్కలో ఆ బేస్ మోత హైదరాబాదుది. బూతులు లేకపోతే మా అత్తగారికీ వినిపించేదాన్ని. మోత తగ్గించి వీడియో మాత్రం చూపించాను. గుండ్రటి గోడ మీద కార్లు, మోటారుసైకిళ్లు చక్కర్లు కొడుతుంటే ఆవిడ కళ్లజోడు సవరించుకుని చూశారు. తిరునాళ్లలో ఇంతకంటే బాగా తిప్పేవాళ్లట.