గూటి తలుపు దగ్గర డేగ పెట్ట

పాతపట్నం నుంచి కొత్తగా తెచ్చిన వనరాజా జాతి కోడి పెట్టలు పగలు పాత మందతో కలిసి పెరడంతా తిరుగుతున్నాయి. దాణా తొట్టెలను రెండు చోట్ల, ఒకదానికొకటి కనిపించకుండా పెట్టడంతో మేత గొడవ తీరింది. కానీ చీకటి పడే వేళ గూట్లోకి చేరడం మాత్రం పర్లాకిమిడిలోని మా పెరట్లో ఇప్పటికీ యుద్ధమే. నిన్న సాయంత్రం ఒకదాని తురాయి చిట్లి, వేలిగోరంత మేర నెత్తురు పేరుకుంది.

పొడిచేది డేగ రంగు (ఎర్ర ఈకల) పాత పెట్ట, మేం డేగ అనే అంటాం; దానిలో పందెం జాతి అయిన అసీలు రక్తం ఉంది. ఎండు చేపల పొడి ఎక్కువ వేస్తే దూకుడు తగ్గుతుందని పక్కింటివారు చెప్పారు. మాంసకృత్తులు చాలక ఈకలు పీక్కునే కోళ్లకు అది కొంత పనిచేయవచ్చు గానీ, అటువంటప్పుడు గాయాలు వీపు మీద, తోక మొదట్లో కనిపిస్తాయి. ఇక్కడ దెబ్బలన్నీ తల మీద, తురాయి మీదే ఉన్నాయి కనుక ఇది పెత్తనం కోసం జరిగే పోరు. పైగా ఉప్పు చేప కోళ్లకు మంచిది కాదు.

గూడు 6 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు. కోళ్లు రాత్రి కూర్చునే వెదురు కర్రల్లో ఒకటి 3 అడుగుల ఎత్తున, మరొకటి ఒకటిన్నర అడుగు ఎత్తున ఉండేవి. కోడికి 8 నుంచి 10 అంగుళాల చోటు చాలు కాబట్టి ఇరుకన్న మాట లేదు. పై కర్ర కోసమే పోటీ అనుకుని రెండింటినీ 2 అడుగుల ఎత్తుకు సమం చేస్తే, డేగ ఈ కర్ర మీద నుంచి ఆ కర్ర మీదికి దూకి మరీ పొడిచింది. మధ్యలో గోనెపట్టా కడితే ఒక్క సాయంత్రం ఊరుకుని, మర్నాడు దాన్ని చుట్టి వచ్చింది. బాగా చీకటి పడ్డాక కొత్తవాటిని చేత్తో ఎత్తి కర్ర మీద కూర్చోబెడితే రాత్రంతా ప్రశాంతమే, తెల్లవారగానే మళ్లీ మొదలు. డేగను కొన్నాళ్లు గంప కింద విడిగా ఉంచి తిరిగి వదిలితే పాత పెట్టలు దాన్ని కాస్త అణిచాయి గానీ, కొత్తవి దాన్ని చూడగానే పరుగు తీశాయి. ఆ పరుగే దాన్ని మళ్లీ ఉసిగొల్పినట్టుంది.

ఇప్పుడు నా అనుమానమంతా తలుపు మీద. 14 అంగుళాల ఒకే ద్వారం. డేగ సరిహద్దు చెక్‌పోస్టులా దాని లోపలే కాపు కాస్తుంది, కొత్తవి ఒక్కొక్కటిగా దాని ముక్కు కిందనే దాటాలి.

గాయానికి పసుపు కంటే జెన్షన్ వయొలెట్ అనే ఊదారంగు మందు నయమని నా అభిప్రాయం, ఎందుకంటే ఊదారంగు కింద ఎరుపు కనబడదు, ఎరుపు కనబడితే మిగతావీ పొడుస్తాయి. పొడవకుండా ముక్కు కత్తిరించడం, ప్లాస్టిక్ కళ్లద్దాలు తగిలించడం నాకు ససేమిరా ఇష్టం లేదు.

ఈ ఆదివారం ఎదురు గోడకు రెండో తలుపు కోయాలి. పెట్టల తగవులు తీర్చగల ముదురు పుంజు కూడా ఒకటి కావాలి. ఒడిశాలోని మయూర్‌భంజ్ వైపు దొరికే హంస్లీ జాతి పుంజు మీద మనసు పోతోంది గానీ, అదీ పందెం జాతే కనుక ముందు నెమ్మదైన నాటు పుంజు కోసం సంతలో వాకబు చేస్తాను.