నాన్న కూర్చునే చోట్లు: ప్రాజెక్టు ఇప్పటిదాకా

చెన్నై టీ నగర్‌లో మాది చిన్న ఆంధ్రా మెస్. కాలేజీ ఫోటోగ్రఫీ ప్రాజెక్టుకి సొంత జీవితంలోంచి ఏదైనా తీసుకోమంటే ముందు 'మా మెస్' అని రాసుకున్నాను. దాని కింద అరిటాకూ ఇముడుతుంది, ఆవకాయ జాడీ కూడా ఇముడుతుంది. ఫోటోలు పోగయ్యాయి కానీ వాటికి ఒకదానితో ఒకటి సంబంధం కుదరలేదు. వాటిని చూసి అమ్మ అడిగింది: "మీ నాన్న కూర్చుని ఉన్న ఫోటో ఒక్కటైనా ఉందా?"

లేదు. నాన్న కూర్చునేదే తక్కువ. ఉల్లిపాయల బస్తా మీద కాసేపు, బోర్లించిన నూనె డబ్బా మీద కాసేపు. ఇప్పుడు అవి మాత్రమే తీస్తున్నాను. పొగలు కక్కే అన్నం ఫోటో ఎంత బాగా వచ్చినా, అందులో నాన్న లేడని పక్కన పెట్టేశాను.

వంటగది ఇరుకు. నాది క్రాప్ సెన్సర్ కెమెరా, అంటే లోపలి సెన్సర్ చిన్నది. దానికి 50 ఎంఎం లెన్స్ పెడితే దాదాపు 80 లాగా పనిచేస్తుంది, ఫ్రేములో తక్కువ చోటే పడుతుంది, వెనక్కి జరగడానికి చోటుండదు. అందుకే కెమెరాతో పాటు వచ్చిన కిట్ లెన్స్‌తో, 24 ఎంఎం దగ్గర తీస్తున్నాను. పాత ట్యూబ్‌లైట్ల కింద షట్టర్ సెకనులో 1/100 లేదా 1/50 వంతు తెరుచుకునేలా పెట్టాలి. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే లైటు సెకనుకు 100 సార్లు మినుకుతుంది. షట్టర్ వేగం ఇంకా పెంచితే ఫోటోలో అడ్డచారలు పడతాయి. వెలుగు తక్కువని ఐఎస్ఓ (ఫోటోని ఎంత వెలుగుగా చేయాలో చెప్పే సెట్టింగ్) 1600 దాకా పెంచుతున్నాను, నాయిస్, అంటే ఫోటోలో చుక్కలు చుక్కలుగా గరుకుదనం, వచ్చినా పర్లేదు. ఏసీ గదిలోంచి కెమెరా నేరుగా వంటగదిలోకి తెస్తే లెన్స్ మీద తేమ పట్టేస్తుంది. జిప్ కవర్లో పెట్టి, అది వేడెక్కాకే బయటికి తీయాలి.

కోయంబేడు మార్కెట్‌కి కూడా నాన్నతో వెళ్తున్నాను. 1996లో పాత మార్కెట్ కొత్వాల్ చావడి నుంచి హోల్‌సేల్ కూరగాయల వ్యాపారం అక్కడికి మారింది. బేరం ముగిసి మూటలు ఆటోకి ఎక్కించేలోగా నాన్న వాటి మీదే కూర్చుంటాడు. నాకు అన్నిటికంటే ఇష్టమైన ఫోటో అక్కడిదే: వెనక జనం కదిలి మసకగా ఉంటారు, నాన్న ఒక్కడే స్పష్టంగా ఉంటాడు. షట్టర్ 1/15 దగ్గర పెట్టి, కెమెరాని స్తంభానికి ఆనించి తీశాను.

"చెమట తుడుచుకోనివ్వమ్మా" అంటాడు. తుడుచుకునేదాకా ఆగుతాను. ఏ ఫోటో వద్దంటే అది ప్రాజెక్టులో ఉండదు, ముందే మాటిచ్చాను. భోజనానికి వచ్చినవాళ్ల ముఖాలు ఫ్రేములోకి రానివ్వను.

మెస్ మూశాక చిన్న ప్రింట్లు టేబుళ్ల మీద పరిచి వరస మారుస్తున్నాను. తెరపై చూసినప్పుడు పట్టని విషయం అక్కడ తెలిసింది: సగానికి పైగా ఫోటోల్లో నాన్న చూపు గడియారం వైపే ఉంది. అందుకని గడియారం కనిపించే ఫోటో ఒకటి మొదట్లో పెట్టాలనుకుంటున్నాను. రాత్రి లెక్కలు చూసుకునేటప్పటిది ఇంకా తీయాలి. గల్లాపెట్టె దగ్గర ఒకటే బల్బు, అదీ తలపైన. టేబుల్ మీద తెల్ల కాగితం పరిచి, కింద నుంచి ముఖం మీదికి కాస్త వెలుగు పడేలా చూస్తాను.