‘సఫర్’లో రెండు ‘ఎఫ్’లు ఎందుకు?

"అమ్మా, లాటిన్ ఇప్పుడు ఎవరూ మాట్లాడరు, అయినా పనికొస్తుంది. తెలుగు మనింట్లో అందరం మాట్లాడతాం, కానీ నాకు దేనికీ పనికిరావట్లేదు."

ఇంగ్లిష్ మాటల స్పెల్లింగ్ తప్పు లేకుండా చెప్పే పోటీ, అదే స్పెల్లింగ్ బీకి తయారవుతున్న మా అమ్మాయి శనివారం తెలుగు క్లాసు మానేస్తానంటూ అన్న మాట ఇది. ఆ టైమ్ కూడా లాటిన్ ధాతువులకే కావాలట. 2011 జనాభా లెక్కల్లో తెలుగు మాతృభాషగా రాయించుకున్నవాళ్లు ఇండియాలోనే 8 కోట్లకు పైగా ఉన్నారని చెప్పాను. "వాళ్లెవరూ మా స్కూల్లో లేరుగా" అంది.

లాటిన్ పనికొస్తుందన్న మాట కాదనలేను. పోటీలో పిల్లలు మైకు ముందు నిలబడి, తమకిచ్చిన మాట ఏ భాష నుంచి వచ్చిందని అడిగేది ఊరికే కాదు. అది తెలిస్తే స్పెల్లింగ్ చాలావరకు ఊహించవచ్చు. ఆ వారం తన లిస్టులో ఉన్నది ‘ఫెర్రె’ అనే లాటిన్ క్రియ. మోయడం, తేవడం అని అర్థం. ట్రాన్స్‌ఫర్ అంటే ఇటు నుంచి అటు మోసుకెళ్లడం. రిఫర్ అంటే వెనక్కి తీసుకెళ్లడం. సఫర్ అంటే కింద ఉండి బరువు మోయడం.

రిఫర్, ప్రిఫర్‌లలో ఒకే ‘ఎఫ్’ ఉంటే సఫర్, ఆఫర్, డిఫర్‌లలో రెండెందుకన్నది తన సమస్య. సఫర్‌లో ముందున్నది ‘సబ్’. ఆ ‘బి’ పక్కనున్న ‘ఎఫ్’తో కలిసి తానూ ‘ఎఫ్’ అయిపోయింది. ఆఫర్‌లో ‘ఆబ్’, డిఫర్‌లో ‘డిస్’ కూడా అలాగే మారాయి. ‘రి’, ‘ప్రి’ల చివర హల్లే లేదు కాబట్టి మారడానికేమీ లేదు. వింటుంటే నాకు హైస్కూల్లో బట్టీ పట్టిన సంధులు గుర్తొచ్చాయి. సత్, జనుడు కలిస్తే సజ్జనుడు. ఉత్, లాసం కలిస్తే ఉల్లాసం. కాగితం మీద రెండు భాషల మాటలూ పక్కపక్కనే రాసిచ్చాను. తను పెన్సిల్‌తో ‘త్’ కొట్టేసి ‘జ్’ రాసింది, పక్కకొచ్చి ‘బి’ కొట్టేసి ‘ఎఫ్’ రాసింది.

"అంటే తెలుగు, లాటిన్ కజిన్సా?"

తెలుగు కాదు, సంస్కృతం. సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి పుట్టి ఉండాలని 1786లో కలకత్తాలో జడ్జిగా ఉన్న విలియం జోన్స్ అనే ఇంగ్లిష్ పండితుడు చెప్పాడు. ‘ఫెర్రె’కి చుట్టం మనం రోజూ వాడే భారం, భరించడం. దంతం డెంటిస్టుకి, పాదం పెడల్‌కి, స్పష్టం ఇన్‌స్పెక్టర్‌కి బంధువులు. ఇవి చెప్పగానే నోట్‌బుక్‌లో కొత్త పేజీ తీసి అన్నీ రాసుకుంది. మీ పిల్లలకీ చెప్పి చూడండి, తెలుగు మాటల జోలికి రాని పిల్లలు కూడా వస్తారు.

ఆ తర్వాత జరిగింది కూడా చెప్పాలి. మోయు, పన్ను, అడుగు, చూపు కూడా రాసుకోమంటే పెన్సిల్ కింద పెట్టేసింది. వాటికి లాటిన్‌లో చుట్టాలు లేరు కదా అంది. నిజమే, లేరు. తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదని, తమిళ కన్నడాలతో కలిసి వేరే కుటుంబమని 1816లోనే మద్రాసులో ఈస్టిండియా కంపెనీ అధికారి ఎల్లిస్ దొర రాశాడు. మా అమ్మ ఫోన్లో మనవరాల్ని అడిగేది "పన్ను నొప్పి తగ్గిందా తల్లీ" అని. దంతం అన్న మాట ఆవిడ నోట ఎప్పుడూ రాదు. ఇంగ్లిష్‌తో చుట్టరికం ఉంటేనే తెలుగు మాటకి విలువని ఈ పిల్లకి నేనే నేర్పుతున్నానేమో! డిక్షనరీలో బ్యాండికూట్ పక్కన తెలుగు మూలం అని చూసి, అది మన పందికొక్కే అని తెలిసి ఎంతో సంబరపడింది. కానీ అదీ ఇంగ్లిష్‌లోకి వెళ్లబట్టే తన లెక్కలోకి వచ్చింది.

నాకు ఊరుకోబుద్ధి కాలేదు. ‘ఫెర్రె’కి ఇంకో రూపం ‘లాటుస్’. అందుకే ట్రాన్స్‌ఫర్, ట్రాన్స్‌లేట్ రెండూ ఒకే క్రియ నుంచి వచ్చాయి. తెలుగులోనూ వచ్చాను అంటాం, లేదన్నప్పుడు మాత్రం రాలేదు అంటాం. మా అమ్మాయి మాటలు వచ్చినప్పటి నుంచీ ‘వచ్చలేదు’ అంటూనే ఉంది, నేను దిద్దుతూనే ఉన్నాను. ఆ రోజు ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూపిస్తే "ఓ, ఇది ఇర్రెగ్యులరా? నాకే రావట్లేదనుకున్నా" అంది. ఇన్నేళ్లూ ఆ మాట లోపల పెట్టుకుందని నాకు తెలియదు.

ఒక్క ఏడాదికి మానేయనీ, తర్వాత మళ్లీ చేరుతుందిలే అంటారు మా ఆయన. నాకా నమ్మకం లేదు. మాకు తెలిసిన ఇళ్లలో శనివారం క్లాసు వదిలేసిన పిల్లలు మళ్లీ చేరడం నేను చూడలేదు. అన్నాల దగ్గర ఇంగ్లిష్ వద్దనేదీ నేనే, అన్నాలయ్యాక ఆ లిస్టులు అప్పజెప్పించుకునేదీ నేనే. రెండిట్లో ఏది ముఖ్యమో చెప్పమని తను అడుగుతోంది. ఈ శనివారం మాత్రం క్లాసుకి తీసుకెళ్తున్నాను. వచ్చే నెల ఫీజు కట్టాలా వద్దా అన్నది ఇంకా తేలలేదు.