డాలరు లిబర్టీ బొమ్మ: చూపంతా మణికట్టు మీదే

లిబర్టీ విగ్రహానికి పీఠం కట్టడానికి డబ్బు చాలక, 1885లో అమెరికన్ కమిటీ చిన్న నమూనాలు అమ్మింది. 6 అంగుళాలది 1 డాలరు, 12 అంగుళాలది 5 డాలర్లు. విగ్రహానికి కంచు రంగు పూత, 6 అంగుళాల దాని పీఠానికి నికెల్ వెండి పూత. ఇప్పుడు వీటిని సేకరించాలనుకుంటే ముందు కాగడా ఉన్న చేతిని భూతద్దంతో చూడండి. ఈ పోత లోహం పెళుసు. కింద పడితే విరిగేది ముందుగా మణికట్టు దగ్గరే. అతుకు చుట్టూ రంగు తేడాగా ఉంటే మరమ్మతు జరిగినట్టే. ఆ తర్వాత కిరీటం కిరణాలు లెక్కపెట్టండి, ఏడూ ఉండాలి.

తలకిందులు చేసి లోపల చూడండి. పూత లేనిచోట బూడిదరంగు కనిపించాలి, పసుపు కనిపిస్తే అది ఇత్తడి లేదా కంచు పోత. బొమ్మ మీద ఉండే 1879 ఫిబ్రవరి 18 పేటెంటు తేదీ ఒక్కటే చూసి నమ్మకండి, అసలు బొమ్మ నుంచి మూస తీసి పోస్తే అక్షరాలూ వచ్చేస్తాయి. అలా తీసిన నకలులో అంచులు మొద్దుబారతాయి, ఎత్తు కూడా కాస్త తగ్గుతుంది.

దయచేసి ఇత్తడి పాలిష్ మాత్రం పెట్టకండి! ఒక్క తుడుపుకే ఆ పాత పూత పోతుంది, మళ్లీ రాదు. మెత్తటి పొడి బ్రష్ చాలు.