చోలుతేకా బస్సులో రొయ్యల లెక్క

హోండురాస్ రాజధాని తెగుసిగల్పా వెళ్ళాలంటే ఇప్పుడు అంతర్జాతీయ విమానాలు కొమయాగువా దగ్గర దింపుతాయి. అక్కడి నుంచి రాజధాని దాదాపు 75 కిలోమీటర్లు. టాక్సీ అతను చెప్పిన ధర విని, హ్యూస్టన్‌లోనే ఉండిపోతే బాగుండేదనిపించింది. రాజధాని గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు. వాన, ట్రాఫిక్, గోడల నిండా ఎన్నికల పోస్టర్లు. అది 2025 సెప్టెంబరు, నవంబరులో పోలింగు.

నాకు కావలసింది దక్షిణాన చోలుతేకా. మేనేజ్‌మెంట్ పాఠమంటూ వాట్సాప్‌లో అందరికీ వచ్చే వంతెన ఊరే. 1998 తుఫానుకు వంతెన నిలిచి, నది పక్కకు జరిగిపోయిన ఊరు. వంతెన కోసం మాత్రం వెళ్ళలేదు. మాది భీమవరం పక్క పల్లెటూరు, ఇంటిల్లిపాదీ రొయ్యల మీదే బతికాం. మన చెరువుల్లో పెరిగే వనామి రొయ్యకు పుట్టినిల్లు ఈ పసిఫిక్ తీరమే. ఒకసారి చూసి రావాలని ఎన్నాళ్ళ నుంచో కోరిక.

బస్సు కొండలు దిగుతున్న కొద్దీ ఉక్కపోత మొదలైంది. సబానాగ్రాందేలో రొస్కియాలు అమ్మేవాళ్ళు ఎక్కారు. మొక్కజొన్న పిండి, జున్ను కలిపి కాల్చిన గట్టి చక్రాలు. పక్క సీటామె ఒక పొట్లం కొని, అడక్కుండానే నా చేతిలో రెండు పెట్టింది. వయసు యాభై ఉంటుంది. నాకు స్పానిష్ రాదు, ఫోను అనువాదమే దిక్కు. భారతదేశం అని చెప్పగానే ఆమె అడిగిన మొదటి మాట, మీ దగ్గరా రొయ్యలున్నాయా అని. నవ్వొచ్చింది. మా జిల్లాలో వరి కంటే రొయ్యల చెరువుల గొడవే ఎక్కువని చెప్పాను.

ఆమె సాన్ లొరెన్సోలోని ఒక ప్లాంటులో రొయ్యల తలలు తీసేది, కూలి తూకం మీద. చూపుడువేలి పక్కన చర్మం గవ్వలా గట్టిపడి ఉంది. మా ఊరి షెడ్డులో పనిచేసే ఆడవాళ్ళ చేతులూ అంతే. ఇప్పుడు వారంలో రెండు రోజులు పని దొరికితే గొప్పట. కారణం అడిగితే ఫోను మీద వేలు పెట్టి ఒకే మాట చెప్పింది: తైవాన్.

2023 మార్చిలో హోండురాస్ ఎనభై ఏళ్ళకు పైబడిన తైవాన్ స్నేహాన్ని తెంచుకుని బీజింగ్‌ను, అంటే చైనాను, గుర్తించింది. ఆస్పత్రికి, ఆనకట్టకు, అప్పుల మాఫీకి కలిపి హోండురాస్ వాళ్ళు తమను దాదాపు 245 కోట్ల డాలర్లు అడిగారని అప్పటి తైవాన్ విదేశాంగ మంత్రి జోసెఫ్ వూ బయటపెట్టారు. అది విరాళం కాదు, అప్పు సర్దుబాటు అన్నది హోండురాస్ వాదన. ఎవరి మాట ఎలా ఉన్నా, నష్టం చెరువుల దగ్గర కనబడింది. రొయ్యల ఎగుమతిలో సుమారు 40 శాతం తైవానే కొనేది, అదీ స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం కింద సుంకం లేకుండా. ఒప్పందం రద్దయింది, 20 శాతం సుంకం వచ్చి పడింది, కొనేవాళ్ళు మొహం చాటేశారు.

చైనా అంతకంటే పెద్ద మార్కెట్ కదా అని హ్యూస్టన్‌లో మిత్రులు నాకు పాఠం చెబుతుంటారు. పెద్దదే. కాని అక్కడ ఈక్వడార్ రొయ్య చవగ్గా, గుట్టలుగుట్టలుగా దిగుతోంది. ఆ ధరకు అమ్మితే ఖర్చులు కూడా రావని ఇక్కడి రైతుల మొర. చైనాతో సుంకాల తగ్గింపు ఒప్పందం 2024లో అమలులోకి వచ్చింది, ఈలోగా షిఫ్టులు పోయాయి. ఆమెకు చైనా మీద కోపమేమీ లేదు. "ఏ చైనా అయినా ఒకటే, కొనేవాడు కావాలి" అన్నట్టు ఫోను చెప్పింది. అప్పటి ప్రతిపక్ష అభ్యర్థులిద్దరూ గెలిస్తే తైవాన్‌ను మళ్ళీ గుర్తిస్తామనేవారు. నమ్ముతావా అంటే కిటికీలోంచి ఒక పోస్టరు చూపించి పెదవి విరిచింది.

నాకూ కోపమే వచ్చింది, కాని అది ఆమె దేశం మీద కాదు. ఆ ఏడాది ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతం చేసింది. ఆ వార్త వచ్చిన నాలుగు రోజులకే ఏజెంట్లు కౌంటుకు (కిలోకు ఎన్ని రొయ్యలన్న లెక్కకు) ఇంతని ధర కోసేశారు. మేత బాకీ, కరెంటు బిల్లు మాత్రం తగ్గలేదు. హోండురాస్ సరుకు మీద అప్పుడు అమెరికా సుంకం 10 శాతమే. ఇద్దరం ఒకే రొయ్యను పెంచుతున్నాం, ఇద్దరి ధరా ఎక్కడో పై గదుల్లోనే తేలుతోంది.

ఆమె సాన్ లొరెన్సోలో దిగిపోయింది. నేను చోలుతేకాలో గది తీసుకుని, మర్నాడు వెనక్కి వచ్చి మడచెట్ల వెనక చెరువులు చూశాను. ఒక్కొక్కటి మన చెరువులు పది కలిపినంత, నీళ్ళలోకి గాలి కొట్టే ఏరియేటర్ల చప్పుడు లేదు. కొన్నిటిలో నీళ్ళే లేవు. నీటి ఒడ్డున ఉన్న హోటల్లో రొయ్యల పళ్ళేనికి తీసుకున్న డబ్బు చూస్తే మాత్రం రొయ్యలకు గిరాకీ పోయిందంటే ఎవరూ నమ్మరు.

ఎండిన చెరువుల ఫోటోలు బాబాయికి పంపాను. తైవాన్, బీజింగ్ కథంతా ఓపిగ్గా విన్నాడు. చివరికి అడిగింది ఇదీ: "ఒరేయ్, అన్ని చెరువులు ఖాళీగా ఉన్నాయంటున్నావు, అక్కడ ఎకరం లీజు ఎంత?"