సన్న తీగకు మెష్ ఇచ్చే మందం

వస్తువునూ దాని చుట్టూ ఉన్న చోటునూ చిన్న ముక్కలుగా (ఎలిమెంట్లుగా) కోసి కంప్యూటర్‌తో లెక్కగట్టే పద్ధతే ఫైనైట్ ఎలిమెంట్, ఆ ముక్కల వలే మెష్. మెష్ ఎంత ఫైన్ చేస్తే జవాబు అంత నిలకడకు వస్తుందని ఫైనైట్ ఎలిమెంట్ పాఠాల్లో మొదట్లోనే చెప్పేస్తారు. సన్న తీగల దగ్గర మాత్రం ఆ మాట నమ్ముకుంటే పని కాదు. మా టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడు గ్రాఫ్ పట్టుకొచ్చి "సార్, సాల్వర్‌లో బగ్ ఉన్నట్టుంది" అన్నాడు (సాల్వర్ అంటే ఈ లెక్క చేసే ప్రోగ్రామ్). బగ్ కాదు. సాల్వర్ చెప్పింది చెప్పినట్టే చేసింది.

అతని మోడల్‌లో 10 సెంటీమీటర్ల వ్యాసమున్న గుండ్రటి లూప్ ఒకటి, చుట్టూ గాలి. తీగ రాగిది, మందం (వ్యాసం) 0.1 మిల్లీమీటర్. తీగను ఉన్నదున్నట్టు గీసి టెట్రాహెడ్రాలతో (నాలుగు ముఖాల ముక్కలతో) నింపబోతే మెమరీ చాల్లేదు. అందుకని మందం సంగతి పక్కనపెట్టి, ఎలిమెంట్ల అంచుల వెంట ఒక గీతలా కరెంట్ పంపాడు. తెలివైన పనే. రెసిస్టెన్స్‌కు ఢోకా లేదు కూడా. పొడవు, వైశాల్యం మనమే ఇస్తాం కాబట్టి 0.67 ఓమ్ అని బుద్ధిగా వస్తుంది.

చిక్కంతా ఇండక్టెన్స్‌తోనే, అంటే కరెంట్ వల్ల అయస్కాంత క్షేత్రంలో ఎంత శక్తి నిలుస్తుందో చెప్పే కొలతతో. సూత్రం ప్రకారం ఈ లూప్‌కు సుమారు 455 నానోహెన్రీలు రావాలి. గ్రాఫ్‌లో చూస్తే ఎలిమెంట్ సైజు సగం చేసిన ప్రతిసారీ 44 నానోహెన్రీల దాకా పెరుగుతోంది. 455 కంటే కింద మొదలై, దాన్ని దాటేసి, ఆగకుండా పైకి పోతోంది. పొరపాటున 455 దగ్గర ఆపేసి ఉంటే అంతా బాగుందనుకుని రిపోర్ట్ పంపేసేవాడు, అదీ ఇందులో భయపెట్టే విషయం.

తీగకు దగ్గరయ్యేకొద్దీ అయస్కాంత క్షేత్రం దూరానికి విలోమంగా పెరుగుతుంది. మందమే లేకపోతే ఆ క్షేత్రంలోని శక్తికి హద్దు ఉండదు, అంటే ఇండక్టెన్స్ అనంతం. ఆ అనంతాన్ని మెష్ దాదాపు ఒక ఎలిమెంట్ వెడల్పు దగ్గర కోసేస్తుంది. మనం రేడియస్ ఇవ్వకపోతే మెష్ తనకు తోచిన రేడియస్ ఇచ్చుకుంటుందన్నమాట. ఆ 44 కూడా గాల్లోంచి ఊడిపడింది కాదు. మ్యూ నాట్‌ను (శూన్యపు అయస్కాంత పారగమ్యత) లూప్ రేడియస్‌తో, 2 యొక్క సహజ లాగరిథమ్‌తో గుణించి చూడండి.

చమురు బావుల సిమ్యులేషన్ చేసేవాళ్లకు ఈ తలనొప్పి ఎప్పుడో వచ్చింది. పెద్ద గ్రిడ్ గడిలో సన్నటి బావి పెడితే ఆ గడి ప్రెషర్ ఎంత దూరంలోని ప్రెషర్‌తో సమానం? గడి వెడల్పులో సుమారు 0.2 వంతు దూరంలోనిదని పీస్‌మన్ అనే పరిశోధకుడు 1978లో తేల్చాడు. అది ఫైనైట్ డిఫరెన్స్ చదరపు గ్రిడ్‌కు వచ్చిన అంకె, మన టెట్రాహెడ్రాలకు యథాతథంగా అంటించొద్దు. మన మెష్ అంకె మనమే పట్టుకోవాలి. కోయాక్సియల్ గొట్టం మధ్యలో తిన్నని తీగకు జవాబు కాగితం మీదే తెలుసు కదా, అదే రకం మెష్‌తో దాన్ని ఒకసారి రన్ చేసి, వచ్చిన ఇండక్టెన్స్ నుంచి రేడియస్‌ను వెనక్కి లెక్కగట్టండి. ఆ రేడియస్‌కూ అసలు రేడియస్‌కూ మధ్య తేడాను సర్క్యూట్ వైపు చిన్న ఇండక్టర్‌గా కలిపేస్తే సరి. తేడా మైనస్‌లో వచ్చినా కంగారు పడనక్కర్లేదు. కాకపోతే తీగ పొడవునా ఎలిమెంట్లు ఒకే తీరుగా ఉండాలి, లేకపోతే రేడియస్ చోటుకొకటిగా మారుతుంది. అందుకే నేను తీగ చుట్టూ ఒక గొట్టం గీసి, దాని లోపల మాత్రం క్రమమైన మెష్ పెడతాను.

అసలు తీగనే గీస్తామంటారా, పొడవునా సాగదీసిన ఎలిమెంట్లతో స్వీప్ చేయండి (అడ్డకోత మెష్‌ను తీగ వెంట లాక్కెళ్లండి). కానీ గుండ్రటి తీగను అందులో ఇమిడే షడ్భుజిగా మార్చితే వైశాల్యంలో 17 శాతం పోతుంది, 0.67 ఓమ్ కాస్తా 0.81 అవుతుంది. షడ్భుజిని 10 శాతం పెద్దది చేస్తే వైశాల్యం మళ్లీ సరిపోతుంది. ఇండక్టెన్స్ ఈ మార్పును పెద్దగా పట్టించుకోదు, లాగరిథమ్ కదా.

ఇక ఫ్రీక్వెన్సీ. 1 మెగాహెర్ట్జ్ దగ్గర రాగి స్కిన్ డెప్త్ (ఉపరితలం నుంచి కరెంట్ ఎంత లోతుకు చొరబడుతుందో ఆ కొలత) సుమారు 65 మైక్రాన్లు, మన తీగ రేడియస్ 50. కరెంట్ ఇంకా తీగంతా పరుచుకునే ఉంటుంది. 100 మెగాహెర్ట్జ్‌కు వెళ్తే అది 6.5 మైక్రాన్లే. అక్కడ తీగ లోపల మెష్ వేయడం దండగ. లోపలి భాగాన్ని తీసేసి, ఉపరితలానికి సర్ఫేస్ ఇంపీడెన్స్ కండిషన్ (అక్కడి విద్యుత్, అయస్కాంత క్షేత్రాల నిష్పత్తిని నిర్ణయించే నియమం) ఇస్తే చాలు. 455లో తీగ లోపలి వాటా 16 నానోహెన్రీలే, ఆ ఫ్రీక్వెన్సీలో అందులోనూ చాలావరకు పోతుంది.