ఇంతకీ ఏటంతావు బాబూ?

పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో సరుకు నాణ్యత చూడటం నా పని. నెలకోసారి ఓనరుగారి ముందు కూర్చుని లెక్క చెప్పాలి. మొదటిసారి ఇరవై నిమిషాలు మాట్లాడాను. జీడిపిక్కల్లో తేమ, ఆ వారమంతా పట్టిన ముసురు, బాయిలర్ రెండుసార్లు ఆగిపోవడం, కటింగ్ దగ్గర బద్దలు ఎక్కువ పడటం, పెద్ద పప్పు 240 రకం తగ్గి చిన్నది 320 పెరగడం, ఒకటి కాదు. అన్నీ నిజాలే. ఓనరుగారు ఫోన్ చూసుకుంటున్నారు. నేను ఆపగానే పక్కనున్న పెద్ద గుమస్తాగారు కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ "ఇంతకీ ఏటంతావు బాబూ?" అన్నారు.

ఏమంటానంటే, 80 కిలోల బస్తాకి 22 కిలోలు రావాల్సిన పప్పు 20 దగ్గరే ఆగింది, ముసురు తగ్గేదాకా తడి పిక్కలు కొనొద్దు. అంతే. ఆ మాట మధ్యలో ఎక్కడో చెప్పాను కూడా, కానీ బాయిలర్ సంగతి చెప్పిన గొంతుతోనే చెబితే ఎవరికి వినిపిస్తుంది?

ఆ "ఇంతకీ"ని ఆయన దగ్గరే కొట్టేశాను. ఇప్పుడు ఆయన అడిగేలోపే నేనే అనేస్తాను: "ఇంతకీ తేలిందేమిటంటే..." అనగానే ఓనరుగారి తల ఫోన్‌లోంచి పైకి లేస్తుంది, నిజంగా! మన వాక్యంలో క్రియ చివర్లో వస్తుంది కదా, కొనమంటున్నానో వద్దంటున్నానో ఆఖరి మాట పడేదాకా తెలీదు, అందాకా వినేవాడే మొయ్యాలి. శ్రీకాకుళం కాంప్లెక్సులో బోర్డు లేని బస్సు ఎక్కుతామా, అది పలాస వెళ్తుందో పాలకొండ వెళ్తుందో!

అయితే బోర్డులన్నీ ఒకటి కాదు. "మొత్తం మీద దిగుబడి తగ్గింది" అంటే లెక్క చెప్పినట్టు, "మొత్తానికి లోడు వెళ్లింది" అంటే హమ్మయ్య అన్నట్టు. ఒకసారి తొందర్లో "మొత్తానికి నష్టం వచ్చిందండీ" అనేశాను, నేనేదో దానికోసం ఎదురుచూస్తున్నట్టు. "వెరసి" రాతలో బాగుంటుంది, నోటితో అంటే దస్తావేజు చదివినట్టుంటుంది. "ఒక్క ముక్కలో చెప్పాలంటే" మాత్రం అప్పు లాంటిది, అన్నాక నిజంగా ఒక్క ముక్కే చెప్పాలి. "చివరగా" అని మూడుసార్లు అనేవాళ్లని మన సభల్లో అందరం భరించాం, నేనూ ఆ పని చేశాను.

మా నాన్నది విజయనగరం. చిన్నప్పుడు నన్ను హరికథలకి లాక్కెళ్లేవారు, అక్కడి సంగీత కళాశాల 1919లో పెట్టినప్పుడు ఆదిభట్ల నారాయణదాసుగారే తొలి ప్రిన్సిపాల్ అని ప్రతిసారీ కొత్తగా చెప్పేవారు. హరిదాసులు పిట్టకథలోకి దూరిపోయి, జనాన్ని నవ్వించి, చిడతలు ఒక్కసారి గట్టిగా మోగించి అసలు కథ ఎక్కడ ఆగిందో ఒక వాక్యంలో గుర్తుచేసి ముందుకెళ్లేవారు. నిద్రపోతున్న నాక్కూడా కథ అందేది. నేను మీటింగులో చిడతలు వాయించలేను కాబట్టి ఒక్క క్షణం ఆగుతాను. తేమ గురించి అయిపోయాక ఆగి, "అంటే, ఇప్పటిదాకా పిక్కల తప్పు, ఇక మెషిన్ల సంగతికొస్తే" అంటాను. ఆ ఆగడమే సగం పని చేస్తుంది, పైగా టెన్షన్‌లో ఊపిరి తీసుకోవడానికీ పనికొస్తుంది.

పోయిన నెల "గట్టిగా రెండే సంగతులండీ" అని మొదలుపెట్టాను. ఆ ఊపులో రెండూ చెప్పేసి, గోనెసంచుల గురించి ఇంకోటి అందుకున్నాను. గుమస్తాగారు ఏమీ అనలేదు. బల్ల మీద పెట్టిన చేతిలో మూడో వేలు మెల్లగా లేపారు.